లేచేటప్పుడు చెప్పే మాట

బాలమల్లు జర్నలిజం చదివాడంటే అది సగమే నిజం. ఆ సగం ఆబిడ్స్‌లో ఒక మేడ మీద చదివాడు. మిగతా సగం నాంపల్లిలో, సర్కారు కచేరీల గోడ పక్కన, రేకుల చూరు కింద, ఒక కాలు విరిగితే ఇటుక పెట్టి నిలబెట్టిన బల్ల దగ్గర చదివాడు. ఈ రెండో సగానికి పట్టా ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు కాబట్టి, దాని సంగతే ముందు చెప్పుకోవాలి.

ఆ బల్ల ఇంద్రసేనగారిది. పాత హైదరాబాదు కుటుంబం. తాతల నాటి నుంచి కచేరీల చుట్టూ కలం పట్టుకుని బతికినవాళ్లు. జనానికి అర్జీలు రాసిపెట్టడం ఆయన పని. ఉర్దూలో ఆయన దస్తూరి చూసి, అర్జీలో ఏముందో చదవకముందే, ఇదెవరు రాశారని అడిగిన అధికారులున్నారు. తెలుగు ఇంట్లో మాట్లాడే భాషే గానీ, చదవడం, రాయడం మాత్రం ఆయనకు రాదు. పోలీసు చర్యతో నిజాం పాలన పోయాక జనం తెలుగులో అర్జీలు రాయించుకోవడం మొదలుపెట్టారు. ఇంద్రసేనగారు కలం చేతిలో పట్టుకుని దిక్కులు చూడవలసిన రోజులు వచ్చాయి.

సరిగ్గా అప్పుడే, 1948 చివర్లో, జనగామ దగ్గరి పల్లె నుంచి మెట్రిక్ పాసైన బాలమల్లు ఒక రేకు పెట్టె పట్టుకుని వచ్చాడు. కచేరీలో నౌకరీకి దరఖాస్తు రాయించుకుందామని ఆ బల్ల ముందున్న స్టూలు మీద కూర్చున్నాడు.

ఇంద్రసేనగారు అతని సర్టిఫికెట్టు అటూ ఇటూ తిప్పి చూశారు. "నీకు రాయొస్తది కద. మరి నా దగ్గరికెందుకొచ్చినవ్?"

"మీరైతే మంచిగ రాస్తరని చెప్పిన్రు."

"తెలుగు రాస్తవా?"

"రాస్త."

"అయితే గీడ కూసో," అని ఆయన బల్లకు తన వైపున కాస్త జరిగి చోటిచ్చారు. అలా కూర్చున్నవాడు ఆరేళ్ల దాకా లేవలేదు.

లేవలేదంటే ఉట్టినే కూర్చున్నాడని కాదు. పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి బల్ల. ఇంటర్ అయింది, బీఏ అయింది. పరీక్షల నెల వస్తే ఇంద్రసేనగారు తెలుగు అర్జీల కోసం వచ్చినవాళ్లను "వచ్చే వారం రాండ్రి" అని తిప్పి పంపేవారు. బేరం పోతోందే అని బాలమల్లు నొచ్చుకుంటే, "అర్జీలు ఏడికి పోతయి, కష్టాలున్నన్ని దినాలు ఉంటయి. పరీక్ష పోతే ఏడాది పోతది," అనేవారు. గురువును ఎంచుకోవడంలో బాలమల్లు తెలివితేటలేమీ లేవు. కూర్చోవడానికి ఖాళీగా కనబడిన స్టూలు అది. అదృష్టం అనేది ఉంటే అదే.

ఆ బల్లకు కొన్ని పద్ధతులుండేవి. అర్జీ పైభాగమంతా సలాములు, బిరుదులు, అధికారిగారి దయాగుణం. నడుమ కష్టం. అసలు కావలసింది అట్టడుగున, రెండే వరుసల్లో. "ఇంట్లకు పోంగనే చెయ్యి చాపుతరా? ముందు సలాం చెప్పాలె, కూసోవాలె, అప్పుడు అడగాలె," అనేవారు ఇంద్రసేనగారు. రాసిన అర్జీని రాయించుకున్న మనిషికి మొదటి నుంచి చివరి దాకా చదివి వినిపించాలి. ఇది నా మాటే అని ఆ మనిషి ఒప్పుకున్నాకే వేలిముద్ర. మనిషి స్టూలు మీంచి లేచేదాకా ఆయన కలం మూతపెట్టేవారు కాదు. చాలామంది అసలు సంగతి కూర్చున్నప్పుడు చెప్పరని, లేచి పోతూ పోతూ చెబుతారని ఆయన నమ్మకం. నలభై ఏళ్లుగా చూస్తున్నారు మరి.

మధ్యాహ్నం పని తక్కువున్నప్పుడు బాలమల్లు తెలుగు దినపత్రిక పైకి చదివేవాడు, ఇంద్రసేనగారు కళ్లు మూసుకుని వినేవారు. ఒకరోజు పత్రిక మడిచిపెడుతూ బాలమల్లు, "అర్జీ ఒక్క సాబుకే పోతది ఉస్తాద్. ఇదైతే అందరికి పోతది," అన్నాడు.

ఇంద్రసేనగారు కళ్లు తెరవకుండానే, "మరి గది నేర్చుకోపో," అన్నారు.

అది 1954. బీఏ అయినవాళ్లకు సాయంత్రం పూట ఏడాది జర్నలిజం డిప్లొమా క్లాసు ఆబిడ్స్‌లో ఒక దుకాణం పైన మేడ మీద నడుస్తోంది. పద్నాలుగు మంది విద్యార్థులు. పాఠం చెప్పే విద్యాసాగర్‌గారు బొంబాయిలో ఇంగ్లీషు పత్రికలో పన్నెండేళ్లు చేసి తిరిగొచ్చిన మనిషి. ఖద్దరు లాల్చీ జేబులో ఎప్పుడూ రెండు పెన్సిళ్లుండేవి, ఒకటి రాయడానికి, ఒకటి కొట్టేయడానికి. రెండోది త్వరగా అరిగేది. పక్షానికోసారి విద్యార్థులే ఒక పత్రిక వేసేవారు. రెండు పేజీల కాగితం, ఒక వైపు తెలుగు, ఒక వైపు ఇంగ్లీషు. మేడ కిందనే చిన్న అచ్చాఫీసు. అక్కడి ఫోర్‌మన్ రాజనర్సు సీసపు అక్షరాలు పేర్చి అచ్చు వేసేవాడు. ఆ కాగితాలు చుట్టుపక్కల దుకాణాల్లో పంచేవారు.

బాలమల్లు మొదటి వార్త కాచిగూడలో ఒక గ్రంథాలయం ప్రారంభ సభ గురించి. ఆ సభలో ఒక విశేషం జరిగింది. అధ్యక్షులవారు మాట్లాడుతుండగా షామియానా గుంజలు ఊడి, గుడ్డంతా జనం మీద పడింది. పెద్ద దెబ్బలేవీ ఎవరికీ తగల్లేదు గానీ, సభ అక్కడితో చెదిరిపోయింది. బాలమల్లు ఈ సంగతి రాశాడు. ఎలా రాస్తాడు? ఆరేళ్లుగా ఎలా రాస్తున్నాడో అలాగే రాశాడు. పైన పెద్దల పేర్లు, వారి సేవలు, దండలు ఎవరు ఎవరికి వేశారు. నడుమ ఉపన్యాసం. షామియానా అట్టడుగున.

ఆ పక్షం చోటు చాలలేదు. చోటు చాలకపోతే రాజనర్సు చేసే పని ఒకటే, వార్తకు అడుగున ఎన్ని వరుసలు ఎక్కువైతే అన్ని తీసేయడం. షామియానా పోయింది. మర్నాడు క్లాసులో, ఆ సభకు పోయి నుదుటికి కట్టు కట్టించుకున్న ఒక విద్యార్థి లేచి నిలబడి, సభ శోభాయమానంగా సాగిందన్న వార్తను గంభీరంగా చదివి వినిపించాడు. నవ్వీ నవ్వీ జనానికి పొట్టలు నొప్పిపుట్టాయి. ఆ రోజు నుంచి బాలమల్లుకు క్లాసులో 'షామియానా' అనే పేరు స్థిరపడింది.

విద్యాసాగర్‌గారు మాత్రం నవ్వలేదు. "రాజనర్సును అనేది లేదు. అచ్చాఫీసుల చదివి కొయ్యరు, కొలిచి కోస్తరు. అందుకే అసలు సంగతి మొదటి వరుసల ఉండాలె. మార్చి దాక నీకు టైముంది, బాలమల్లు. మార్చిల ఆఖరి వార్తలు చూసెతందుకు ఆబిడ్స్ దినపత్రిక ఎడిటర్‌గారు వస్తున్నరు. పద్నాలుగు మందిల ఒక్కరిని తీసుకుంటరు. నువ్వు గిట్లనే రాస్తే పట్టా ఇస్త గానీ, నీ పేరు చెప్పలేను."

అప్పటికి బాలమల్లుకు పెళ్లై మూడేళ్లు. భార్య లక్ష్మీనర్సమ్మ జనగామ పక్కనే ఉంది. నౌకరీ దొరికిన రోజున గౌలిగూడలో గది కిరాయికి తీసుకుని ఆమెను తీసుకొస్తానని ప్రతి ఉత్తరంలో రాస్తున్నాడు. ఒకటే మాట ఎన్నిసార్లని రాస్తాడు? జనవరిలో ఇంద్రసేనగారికి తెలిసినాయన లక్డీకాపూల్ కచేరీలో గుమాస్తా జాగా ఖాళీ అయిందని, ఏప్రిల్ మొదటి తారీఖు లోపల దరఖాస్తు ఇస్తే చూస్తానని చెప్పాడు. షామియానా దెబ్బకు జర్నలిజం మీద ఆశ సగం చచ్చిన బాలమల్లు, ఆరేళ్ల తర్వాత మళ్లీ బల్లకు అవతలి వైపున, ఆ స్టూలు మీద కూర్చున్నాడు.

"మీరే రాయుండ్రి ఉస్తాద్," అన్నాడు. తన ఇల్లు, తన బాధ్యత, నౌకరీ ఎంత అవసరమో గంటసేపు చెప్పాడు. ఇంద్రసేనగారు ఉర్దూలో ముత్యాల్లాంటి అర్జీ రాసి చదివి వినిపించారు. బాలమల్లు సంతకం పెట్టాడు. లేస్తూ, చొక్కా దులుపుకుంటూ, "అయినా ఉస్తాద్, మార్చి దాక క్లాసుకు మాత్రం పోత," అన్నాడు.

"సరే, పో," అని ఆయన కాగితం మడిచి పెట్టెలో పెట్టుకున్నారు. నేనే పోయి ఇచ్చొస్తానన్నారు.

అక్కడి నుంచి బాలమల్లుకు అర్జీ పద్ధతుల మీదే కోపం వచ్చింది. తన చేతిని అవే పాడు చేశాయనుకున్నాడు. బల్ల దగ్గర ఎవరైనా మొదటి నుంచి చెప్పుకొస్తుంటే, "జర అసలు సంగతి చెప్పు," అని తుంచేసేవాడు. వాళ్లు బెదిరి ఏదో ఒకటి చెప్పేవాళ్లు.  అలా తుంచేసినవాళ్లను ఇంద్రసేనగారు తన పక్కకు పిలిచి, మళ్లీ మొదటి నుంచి చెప్పించుకునేవారు. అది చూసి కూడా మనవాడికి బుద్ధి రాలేదు. కొత్తగా నేర్చుకున్న విద్య అలాగే ఉంటుంది, పాతదంతా చెత్తలా కనబడుతుంది.

మార్చి వచ్చింది. ఆఖరి వార్త కోసం బాలమల్లు నాంపల్లి స్టేషన్ వెనక సున్నంబట్టి గల్లీకి పోయాడు. ఎనిమిది రోజులుగా అక్కడి నల్లాలో నీళ్లు లేవని విన్నాడు. నల్లా దగ్గర శంకరమ్మ అనే ఆవిడ కనబడింది. ఇళ్లలో బాసన్లు తోమి బతికే మనిషి, యాభై దాటి ఉంటాయి. ఆమెను నాలుగు ప్రశ్నలు అడిగాడు, నాలుగు జవాబులు రాసుకున్నాడు. ఆమె ఇంకా ఏదో చెబుతుండగానే "చాలమ్మా," అని వచ్చేశాడు. మొదటి వరుసలోనే ఎండిన నల్లా పెట్టి, చకచకా పది వాక్యాల్లో వార్త ముగించాడు. విద్యాసాగర్‌గారు చూసి, "ఇప్పుడు దారిన పడ్డవు. రేపు ఆరు గంటలకు సాపు చేసి తీసుకరా," అన్నారు. బాలమల్లు ఆ సాయంత్రం ఆబిడ్స్ వీధిలో అందరికంటే పొడుగైనవాడిలా నడిచాడు.

మర్నాడు మధ్యాహ్నం మూడింటికి శంకరమ్మే నాంపల్లి బల్ల దగ్గరికి వచ్చింది. అర్జీ రాయించుకోవాలట. స్టూలు మీద కూర్చుని నల్లా దగ్గర మొదలుపెట్టింది.

"ఈమె సంగతి నేను రాసిన ఉస్తాద్, పత్రికల వస్తది," అన్నాడు బాలమల్లు గర్వంగా.

"చదివి వినిపించినవా?"

"వార్తకు గట్ల చదివి వినిపియ్యరు ఉస్తాద్."

"ఏలిముద్ర అక్కర్లేదు, సరే. ఆమె చెవికి కూడ అక్కర్లేదా?"

బాలమల్లు కాగితం తీసి చదివాడు. శంకరమ్మ తలూపుతూ విన్నది. "ఔ బిడ్డా. అంత నిజమే," అన్నది.

బాలమల్లు చూశారా అన్నట్టు ఉస్తాద్ వైపు చూశాడు. ఇంద్రసేనగారు ఆయన మానాన ఆయన కలం తెరిచి పట్టుకుని కూర్చున్నారు. ఒక్క అక్షరం కూడా రాయలేదు. శంకరమ్మ కొంగు ముడి సవరించుకున్నది, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది.

"గా నల్లా సంగతి ఎట్లనన్న కానీ అయ్యా," అన్నది లేస్తూ. "మాకొక గిరక ఇప్పియ్యుండ్రి."

"గిరక ఎందుకు తల్లీ?" అన్నారు ఇంద్రసేనగారు.

"బాయికి."

"ఏ బాయి?"

"గల్లీల పాతబాయి లేదా, మట్టితోని చెత్తతోని నిండిపోయింది. నల్లా బంద్ కాంగనే మేము ఆడోళ్లం ఇరవై మందిమి దిగినం. పొద్దున పనికి పోకముందు కొంచెం, వచ్చినంక కొంచెం. నిన్న పొద్దుగాల ఊట పడ్డది. నీళ్లు కొబ్బరినీళ్లోలె ఉన్నయి. గిరక లేక తాడు ఒరకు రాసుకొని తెగుతున్నది. గదే కావాలె."

బాలమల్లు కాగితం బల్ల మీద పెట్టాడు. "నిన్న నాకెందుకు చెప్పలేదమ్మా?"

"చెప్తనే ఉంటిని. నువ్వే పోయినవ్."

ఆమె నిష్ఠూరంగా అనలేదు, జరిగింది చెప్పింది, అంతే.  ఎండిన నల్లా గురించి ఊళ్లో ఎవరైనా రాయగలరు. ఇరవై మంది ఆడవాళ్లు ఎనిమిది రోజుల్లో బావిని బతికించారన్నది తన కాగితంలో పై వరుసలోనూ లేదు, కింది వరుసలోనూ లేదు. దాన్ని రాజనర్సు కోయలేదు, తనే కోసేశాడు. గడియారం చూశాడు. ఆరింటికి ఇంకా రెండున్నర గంటలుంది.

"ఉస్తాద్, నేను పోయొస్త."

"పో. గిరక అర్జీ నేను రాస్త," అన్నారు ఇంద్రసేనగారు.

ఈసారి బాలమల్లు గల్లీలో ప్రశ్నలు అడగలేదు. బావిలోకి తొంగి చూశాడు, కింద నీళ్లు తళతళలాడాయి. ఒర మీద కూర్చున్నాడు. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చెప్పారు. ఎవరు మొదట దిగారో, ఎవరు తట్టలు అందుకున్నారో, ఎవరి కాలికి మేకు దిగినా మానకుండా వచ్చారో అన్నీ చెప్పారు. వాళ్లు చెప్పి లేచేదాకా ఆగాడు. అక్కడే ఒర మీద కాగితం పెట్టుకుని మొదటి నుంచీ మళ్లీ రాశాడు. మొదటి వరుసలో శంకరమ్మ, ఇరవై మంది, ఎనిమిది రోజులు, ఊట. తర్వాత గిరక. నల్లా బాగుచేయవలసిన కచేరీ గోల అట్టడుగున. రాసింది వాళ్లందరికీ చదివి వినిపించాడు.

శంకరమ్మ బొటనవేలు చాపింది. "ఏలు ఏడ పెట్టాలె?"

"దీనికి ఏలిముద్ర అక్కర్లేదమ్మా. ఇది వార్త."

"మరి ఇది మా మాటనే అని వాళ్లకెట్ల తెలుస్తది?"

జర్నలిజం క్లాసులో తొమ్మిది నెలలుగా ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. బాలమల్లు సంచిలో చెయ్యి పెట్టాడు. బల్ల దగ్గరి స్టాంపు ప్యాడ్ అందులో ఉంది. తీసి మూత తెరిచాడు.

ఆరు కొట్టే వేళకు మేడ మెట్లెక్కి, నీలం వేలిముద్ర ఉన్న కాగితం విద్యాసాగర్‌గారి బల్ల మీద పెట్టాడు. ఆయన చదివారు. కొట్టేసే పెన్సిలు తీశారు, మళ్లీ జేబులో పెట్టుకున్నారు. "నిన్న చూపిన వార్త ఏది?" అని అడిగారు. "అది తప్పు సార్," అన్నాడు బాలమల్లు. ఆయన కాగితాన్ని కిందికి పంపారు. ఆ పక్షం కూడా చోటు చాలలేదు. రాజనర్సు కొలిచి అడుగు నుంచి నాలుగు వరుసలు తీసేశాడు. కచేరీ గోల పోయింది. బావి, ఆడవాళ్లు, గిరక క్షేమంగా మిగిలారు.

వారం తర్వాత దినపత్రిక ఎడిటర్ వచ్చి రాతప్రతులు తిరగేస్తూ ఒకచోట ఆగారు. "ఈ నీలం మరక ఏంది?"

బాలమల్లు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎడిటర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మా దగ్గర పదిమంది రాస్తరు. రాసింది వాళ్లకే చదివి వినిపించి వచ్చినోడు ఒక్కడు లేడు. సోమవారం నుంచి రా," అన్నారు.

అప్పటికే గిరక కూడా వచ్చేసింది. మున్సిపాలిటీకి ఇచ్చిన అర్జీ ఇంకా ఏ బల్ల మీద ఉందో తెలియదు గానీ, క్లాసు పత్రిక చదివిన ఆబిడ్స్ ఇనుప సామాన్ల దుకాణదారు మర్నాడే ఒక గిరక, కొత్త తాడు గల్లీకి పంపించాడు.

బాలమల్లు సంతోషం నాంపల్లి దాకా నిలవలేదు. దారిలో గుర్తొచ్చింది. లక్డీకాపూల్ అర్జీ. ఉస్తాద్ ఎవరినో బతిమాలి తన కోసం జాగా అడిగారు. ఇప్పుడు వద్దంటే ఆయన మాట పోతుంది. ఆరేళ్లు అన్నం పెట్టిన మనిషికి తను ఇచ్చేది ఇదా? స్టూలు మీద కూర్చున్నాడు. ఎడిటర్ మాటలు చెప్పాడు, రాజనర్సు సంగతి చెప్పాడు, గిరక వచ్చిన వైనం చెప్పాడు. ఇంద్రసేనగారు "నా అర్జీ ఓడిపోయిందన్నట్టు," అని నవ్వారు. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. బాలమల్లు లేచాడు, చొక్కా దులుపుకున్నాడు.

"ఉస్తాద్, గా లక్డీకాపూల్ అర్జీ..."

ఇంద్రసేనగారు పెట్టె మూత తెరిచి, అడుగు నుంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పెట్టారు. జనవరిలో ఎలా మడిచారో అలాగే ఉంది.

"పోలేదు," అన్నారు. "గీడ కూసొని గంటసేపు నౌకరీ కావాలన్నవ్. లేచేటప్పుడు క్లాసుకు పోత అన్నవ్. నేను ఏది నమ్మాలె? మొదటి తారీఖు దాక చూద్దామనుకున్న. నీకు పత్రికల నౌకరీ కాకుంటే ఆ పొద్దే ఇచ్చొస్తుంటి."

బాలమల్లు మళ్లీ కూర్చుండిపోయాడు. ఆ బల్ల దగ్గర ఎన్ని వందల మంది మాటలు రాశాడో లెక్కలేదు. తన మాట కూడా ఒకరు విన్నారని, విని దాచిపెట్టారని అప్పుడు తెలిసింది. తండ్రి పోయినప్పుడు కూడా పదిమందిలో ఏడవని మనిషి, కచేరీల గోడ పక్కన, వచ్చేపోయేవాళ్లు చూస్తుండగా ఏడ్చాడు.

ఇంద్రసేనగారు క్లాసు పత్రికను అతని వైపు జరిపారు. "ఇగ చదువు."

బాలమల్లు మొదటి వరుస నుంచి చదివాడు. ఆయన కళ్లు మూసుకుని చివరిదాకా విన్నారు. తర్వాత స్టాంపు ప్యాడ్ దగ్గరికి లాక్కున్నారు. నాంపల్లిలో అందరికంటే అందంగా రాసే ఆ చేతి బొటనవేలిని సిరాలో అద్ది, తనకు చదవరాని ఆ తెలుగు వార్త కింద వేలిముద్ర వేశారు.